కంప్యూటర్‌లో వీడియోలు పోర్టబుల్ డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా డిస్క్ కొట్టుకోవడం ఎలా

ఎంపీ4 వీడియోని బ్లాంక్ డీవీడీ మీదకి లాగి కాపీ చేసేసి ప్లేయర్‌లో పెడితే "నో డిస్క్" అనో "అన్‌నోన్ డిస్క్" అనో వస్తుంది, దాంతో ఇంట్లో వాళ్లు ప్లేయర్ పోయిందిరా అని తీసుకెళ్లి అటక మీద పెట్టేస్తారు. ప్లేయర్‌కి ఏం కాలేదండి. కంప్యూటర్‌లో అయితే ఏ ఫైల్ ఆడకపోయినా ఇంకో సాఫ్ట్‌వేర్ వేసుకుంటాం, ఈ చిన్న ప్లేయర్‌లో ఫ్యాక్టరీలో ఏ చిప్ పెట్టారో ఇప్పటికీ అదే, అది తయారైన రోజుల్లో లేని ఫార్మాట్లు దానికి తెలీవు. కాబట్టి దానికి తెలిసిన ఫార్మాట్‌లోకి మనమే మార్చి ఇవ్వాలి, అదంతా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే అయిపోతుంది, షాపు వాళ్లకి డబ్బులిచ్చి కొట్టించక్కర్లేదు.

ఇంకా డీవీడీలేంటి అనుకునేవాళ్లు ఉంటారు, కానీ మన వైజాగ్‌లో ఇవి పనికొచ్చే సందర్భాలు చాలానే ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ సెల్ సిగ్నలూ రోజుల తరబడి లేవు కదా, అలాంటప్పుడు నెట్ అవసరం లేకుండా బ్యాటరీ మీద ఆడేది ఇంట్లో ఒకటి ఉండాలి. అరకు రైలెక్కితే శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో సొరంగం తర్వాత సొరంగం, ఫోన్‌లో వీడియో తిరుగుతూనే ఉంటుంది, గుంటలు, అదే పిల్లలు, ఏడుపు. అన్నిటికంటే ముఖ్యం పెద్దవాళ్లు. మా మామ్మకి ఫోన్‌లో వీడియో పెట్టి చేతికిస్తే వేలు ఎక్కడో తగిలి ఇంకేదో వచ్చేస్తుంది, అదే ప్లేయర్ అయితే డిస్క్ పెట్టి మూత వేస్తే చాలు, మునిమనవరాలి అన్నప్రాసన దానంతటదే మొదలవుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ "దానంతటదే మొదలవ్వాలి" అనేది మనసులో పెట్టుకునే చెప్తున్నాను, అందుకే కొన్నిచోట్ల సులువు దారి ఉన్నా కాస్త పొడుగు దారి పట్టమంటాను.

ముందు మీ ప్లేయర్ ఏ రకమో చూసుకోండి. మూత మీదో అడుగునో లోగోలు ఉంటాయి. ఒట్టి డీవీడీ వీడియో లోగో ఒక్కటే ఉంటే అది మామూలు డీవీడీలు, చాలావరకు వీసీడీలు, ఆడియో సీడీలు ఆడుతుంది, అంతే. డివ్‌ఎక్స్ అని గానీ ఎంపెగ్4 అని గానీ ఉంటే డేటా డిస్క్ మీద వేసిన ఏవీఐ ఫైళ్లు కూడా ఆడుతుంది. ఇక్కడ ఎంపెగ్4 అని చూసి ఫోన్‌లో ఎంపీ4 ఆడేస్తుందని అనుకోవద్దు, ఆ లోగో చెప్పేది పాత ఎక్స్‌విడ్, డివ్‌ఎక్స్ రకం గురించి, ఫోన్ తీసే వీడియో హెచ్264 లేదా ఇంకా కొత్తదైన హెచ్265, రెండూ వేరు. లోగోలు చెరిగిపోయి ఉంటే మామూలు ప్లేయర్ అనుకుని ముందుకెళ్లండి, డీవీడీ వీడియో పద్ధతిలో కొట్టిన డిస్క్ రెండు రకాల్లోనూ ఆడుతుంది.

తర్వాత సామాన్లు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ రావట్లేదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి కావాలి, దాన్ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి, రైట్ చేసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, సరిపోకపోతే మధ్యలో ఆగిపోయి డిస్క్ పాడవుతుంది. బ్లాంక్ డిస్క్‌లు డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఒకప్పుడు ఏ షాపులో చూసినా మోజర్ బేర్ డిస్క్‌లే ఉండేవి, ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది, కాబట్టి ఎక్కడైనా ఆ డబ్బా కనిపిస్తే అది పాత స్టాకే, ఒక్కటి కొని రైట్ చేసి చూసుకుని అప్పుడు మిగతావి కొనండి. మైనస్ ఆర్ (DVD-R), ప్లస్ ఆర్ (DVD+R) అని రెండు రకాలుంటాయి, పాత ప్లేయర్లకి మైనస్ ఆర్ తీసుకోండి, అది 1997లోనే వచ్చింది, ప్లస్ ఆర్ 2002లో వచ్చింది, అంతకుముందు డిజైన్ చేసిన ప్లేయర్లకి మైనస్ రకమే బాగా పడుతుంది. దాంతోపాటు చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఒకటి టెస్టింగ్ కోసం కొనుక్కోండి. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్క్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు, ఖరీదు ఎక్కువ, చిన్న ప్లేయర్ లెన్స్ రెండో లేయర్ దగ్గర తడబడుతుంది.

ఇప్పుడు డీవీడీ వీడియో అంటే లోపల ఏముంటుందో కొంచెం తెలుసుకుంటే తర్వాత సెట్టింగులు మీకే అర్థమైపోతాయి. షాపులో కొన్న సినిమా డీవీడీని కంప్యూటర్‌లో తెరిచి చూడండి, వీడియో_టీఎస్ అని ఫోల్డర్, అందులో వీవోబీ, ఐఎఫ్‌వో, బీయూపీ ఫైళ్లు కనిపిస్తాయి. అసలు బొమ్మ, సౌండ్ వీవోబీలో ఉంటాయి, ఒక్కోటి 1 జీబీ దాటదు. ఏది ముందు ఆడాలి, మెనూ ఎక్కడుంది అనే సమాచారం ఐఎఫ్‌వోలో, దానికి నకలు బీయూపీలో. బొమ్మ ఎంపెగ్2లో ఉండాలి (పాత వీసీడీల ఎంపెగ్1 బొమ్మ ఒక్కటే మినహాయింపు, అది కింద చెప్తాను), మన పాల్ టీవీ పద్ధతిలో అయితే సైజు 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720 బై 480, సెకనుకి 29.97. సౌండ్ 48 కిలోహెర్ట్జ్‌లో ఏసీ3 (డాల్బీ డిజిటల్) అయితే ఏ ప్లేయర్‌కీ ఇబ్బంది ఉండదు. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ప్లేయర్ ఆడదు, లేదా బొమ్మ వచ్చి సౌండ్ రాదు. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ చాలామంది దగ్గర ఉంటుంది, కానీ అది డీవీడీ తయారు చెయ్యదు, అది ఇచ్చేది మళ్లీ ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైళ్లే, కాకపోతే వేరే పనికి మనకి కావాలి, కింద చెప్తాను. విండోస్ 7లో డీవీడీ మేకర్ అని ఉచితంగా వచ్చేది, విండోస్ 8 నుంచి తీసేశారు.

నేను వాడేది, అందరికీ చెప్పేది డీవీడీస్టైలర్. ఫ్రీ, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. తెరవగానే కొత్త ప్రాజెక్ట్ అని ఒక బాక్స్ వస్తుంది, అక్కడ డిస్క్ పేరు, కెపాసిటీ 4.7 జీబీ, వీడియో ఫార్మాట్ పాల్, ఆస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి), ఆడియో ఏసీ3 ఎంచుకోవాలి. బిట్‌రేట్, అంటే సెకను వీడియోకి ఎంత డేటా వాడాలన్నది, ఆటో మీద వదిలేస్తే డిస్క్‌లో పట్టేలా అదే లెక్క వేసుకుంటుంది. తర్వాత మెనూ టెంప్లేట్లు చూపిస్తుంది, పెద్దవాళ్లకి కొట్టే డిస్క్ అయితే అసలు మెనూ వద్దని చెప్పండి, పెట్టగానే వీడియో మొదలవ్వాలి కదా. నాలుగైదు వేరువేరు ఫంక్షన్లు ఒకే డిస్క్‌లో పెడుతున్నారంటే అప్పుడు మెనూ పెట్టుకోండి, కానీ బటన్లు పెద్దవిగా, తక్కువగా ఉంచండి, 7 అంగుళాల స్క్రీన్‌లో చిన్న అక్షరాలు కనబడవు. ఇక వీడియోలు లాగి కింద వరసలో వదిలేయడమే, ఏ ఆర్డర్‌లో పెడితే ఆ ఆర్డర్‌లో ఆడతాయి, కింద ఒక పట్టీలో ఎన్ని నిమిషాలు నిండాయో చూపిస్తూ ఉంటుంది. ఇది మొదలుపెట్టేముందు హార్డ్‌డిస్క్‌లో ఒక 15 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి, మధ్యలో తాత్కాలిక ఫైళ్లు చాలా చేసుకుంటుంది. వీడియో ఫైళ్ల పేర్లు కూడా తెలుగులో ఉంటే ఇంగ్లీష్ అక్షరాల్లోకి, చిన్నగా మార్చి పెట్టుకోవడం మంచిది.

బిట్‌రేట్ లెక్క మీరే వేసుకోగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక్కో డిస్క్‌లో ఎంత కుక్కాలో అప్పుడు తెలుస్తుంది. డిస్క్ మీద 4.7 జీబీ అని రాసినా విండోస్‌లో 4.38 అనే చూపిస్తుంది, కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి, మోసమేం లేదు. 470 కోట్ల బైట్లు అంటే 3,760 కోట్ల బిట్లు, దాన్ని వీడియో ఎన్ని సెకన్లో దాంతో భాగించాలి. 2 గంటలు అంటే 7,200 సెకన్లు, సెకనుకి 5,200 కిలోబిట్లు దాకా వస్తాయి, అందులో సౌండ్‌కి 192, ప్యాకింగ్‌కి కొంత పోతే వీడియోకి 4,800 పెట్టుకోవచ్చు, బొమ్మ చాలా బాగుంటుంది. గంటన్నర అయితే 6,400 దాకా, 3 గంటలు అయితే 3,100 దాకా. ఈ చిన్న స్క్రీన్ మీద 3,100 కూడా బాగానే కనిపిస్తుంది, చాలా 7 అంగుళాల ప్లేయర్ల స్క్రీన్ 480 బై 234 చుక్కలే, అంటే డీవీడీలో ఉన్నంత వివరం అది ఎలాగూ చూపించలేదు. అదే డిస్క్ ఎప్పుడైనా పెద్ద టీవీలో చూస్తారంటే మాత్రం 2 గంటలు దాటనివ్వొద్దు. చిన్న వీడియో కదా అని 9,000 పైన పెట్టేయకండి, రూల్ ప్రకారం వీడియోకి 9,800 వరకు ఒప్పుకుంటారు గానీ పాత డ్రైవ్‌లు అంత వేగంగా చదవలేక ఆగి ఆగి ఆడతాయి, గంట లోపు వీడియో అయినా 7,000 నుంచి 8,000 చాలు.

ఫోన్‌లో తీసిన వీడియోల గురించి విడిగా చెప్పాలి, ఇప్పుడు ఎవరింట్లో అయినా ఉన్నవి అవే. ఫోన్ సెకనుకి ఇన్ని ఫ్రేములు అని ఖచ్చితంగా తియ్యదు, వెలుతురు తగ్గితే 30 కాస్తా 24కి పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. డీవీడీకి అలా కుదరదు, దానికి మొదటి నుంచి చివరిదాకా ఒకటే రేటు కావాలి. అందుకే నేరుగా డీవీడీస్టైలర్‌లో వేస్తే మొదట్లో బాగానే ఉండి, పోనుపోను పంతులుగారి పెదాలు ఒకప్పుడు, మంత్రం ఒకప్పుడు అయిపోతుంది. దీనికి హ్యాండ్‌బ్రేక్ వాడండి, ఫోన్ వీడియోని అందులో తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 25, పక్కన కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఒకసారి కన్వర్ట్ చేసి, వచ్చిన ఫైల్‌ని డీవీడీస్టైలర్‌లో వెయ్యండి. పరుగెత్తే పిల్లలు, బీచ్‌లో అలలు లాంటి కదలిక ఎక్కువ ఉన్న వీడియో అయితే 25కి బదులు 29.97 కాన్‌స్టంట్ పెట్టి, డిస్క్‌ని ఎన్‌టీఎస్‌సీగా చేస్తే కదలిక సాఫీగా ఉంటుంది, ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఎన్‌టీఎస్‌సీ గానీ మల్టీ గానీ ఉందేమో చూసుకుని చెయ్యండి. సౌండ్ సన్నగా ఉన్నవాటికి అదే హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియో ట్యాబ్‌లో గెయిన్ అని ఉంటుంది, ఒక 6 డెసిబెల్స్ పెంచండి, ప్లేయర్ స్పీకర్లు చిన్నవి, రైల్లో, ఫ్యాన్ కింద వినపడాలంటే అది తప్పనిసరి.

ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వీడియో అడ్డం స్క్రీన్‌లో రెండు పక్కలా నల్లగా వస్తుంది, దాన్ని సాగదీసి నింపకండి, మనుషులు పొట్టిగా బండగా కనిపిస్తారు. నల్ల పట్టీలు ఉండనివ్వండి, లేదా ముఖాలు పోవనుకుంటే కింద పైన కాస్త కోసుకోండి. ఆస్పెక్ట్ రేషియో 16:9 ఎంచుకున్నా 4:3 ఎంచుకున్నా లోపల సైజు 720 బై 576 ఒకటే, చూపించేటప్పుడు ఎంత వెడల్పుగా చూపాలో ప్లేయర్‌కి చెప్పే గుర్తు అది. పాత హ్యాండీక్యామ్ పెళ్లి వీడియోలు 4:3, కొత్తవి 16:9, రెండూ ఒకే డిస్క్‌లో కలిపితే ఒకటి తేడాగా కనపడొచ్చు, వీలైతే విడివిడి డిస్క్‌లు కొట్టండి.

పెళ్లి అంటే గుర్తొచ్చింది, మన ఇళ్లలో 2000 ప్రాంతంలో పెళ్లిళ్ల వీసీడీలు బీరువాల్లో మూడేసి నాలుగేసి ఉంటాయి కదా, అవి ఇప్పుడే తీసి కాపాడుకోవాలండి, వాటి పై పొర ఊడిపోతోంది. కంప్యూటర్‌లో పెడితే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లో .DAT అని ముగిసే ఫైల్ ఉంటుంది, దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే అదే మీ వీడియో. వీసీడీ బొమ్మ 352 బై 288, ఎంపెగ్1, సెకనుకి 1,150 కిలోబిట్లు, ఎంత మార్చినా అంతకంటే క్లారిటీ పెరగదు, హెచ్‌డీ చేస్తామని చెప్పేవాళ్లకి డబ్బులివ్వకండి. కానీ ఒక మంచి సంగతి, ఆ సైజు ఎంపెగ్1 బొమ్మని డీవీడీ కూడా ఒప్పుకుంటుంది, సౌండ్‌ని మాత్రం 44.1 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కి మారిస్తే చాలు, బిట్‌రేట్ తక్కువ కాబట్టి నాలుగు వీసీడీల పెళ్లి మొత్తం ఒకే డీవీడీలో హాయిగా పట్టేస్తుంది, మధ్యలో లేచి డిస్క్ మార్చే పని ఉండదు. గీతలు పడి కాపీ సగంలో ఆగిపోతుంటే డిస్క్‌ని మెత్తటి నూలు గుడ్డతో మధ్యనుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా తుడిస్తే గీత ఎక్కువవుతుంది, తుడిచి ఇంకో డ్రైవ్‌లో కూడా ప్రయత్నించండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదువుతుంది.

సబ్‌టైటిల్స్ కావాలంటే, తెలుగు అక్షరాల సబ్‌టైటిల్స్‌ని విడిగా పెట్టకుండా హ్యాండ్‌బ్రేక్‌లో బర్న్ ఇన్ అనే టిక్ పెట్టి బొమ్మ మీదే అచ్చు వేయించండి. ప్లేయర్‌కి తెలుగు ఫాంట్ ఉండదు, ఏవీఐ పక్కన పెట్టిన సబ్‌టైటిల్ ఫైల్‌ని అది డబ్బాలు డబ్బాలుగా చూపిస్తుంది.

అన్నీ సరిచూసుకున్నాక డీవీడీస్టైలర్‌లో బర్న్ నొక్కితే మూడు దారులు చూపిస్తుంది, అందులో ఐఎస్ఓ ఇమేజ్ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసేది) చేయమన్నది ఎంచుకోండి, నేరుగా డిస్క్ మీద రాయించకండి. పాత కంప్యూటర్‌లో అయితే దీనికి సినిమా నిడివి అంత టైం పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోవడం ఉత్తమం. వచ్చిన ఐఎస్ఓ ఫైల్‌ని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో చూసి సౌండ్ కలుస్తోందో లేదో చూడండి. బాగుంటే ముందు ఆర్‌డబ్ల్యూ డిస్క్ మీద రాసి ప్లేయర్‌లో పెట్టి చూడండి, అప్పుడే అసలు డిస్క్ మీదకి వెళ్లండి. ఒక సంగతి, ఆర్‌డబ్ల్యూ డిస్క్ వెలుగుని తక్కువగా తిప్పికొడుతుంది, అందుకని కొన్ని ప్లేయర్లు దాన్ని అసలు గుర్తించవు, అలా అయితే మీ వీడియో తప్పనుకోవద్దు, ఒక మైనస్ ఆర్ మీద రాసి చూడండి.

ఐఎస్ఓని డిస్క్ మీద రాయడానికి విండోస్‌లో ఇమ్‌జీబర్న్ అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, చాలా ఏళ్లుగా కొత్త వెర్షన్ రాలేదు గానీ పని పక్కాగా చేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి పేజీ చదువుతూ వెళ్లండి, వేరే సాఫ్ట్‌వేర్ కూడా వెయ్యాలా అని అడిగే టిక్కులు తీసెయ్యండి. స్పీడ్ 4ఎక్స్ లేదా 8ఎక్స్ పెట్టండి, 4ఎక్స్‌లో నిండు డిస్క్ దాదాపు 15 నిమిషాలు, 8ఎక్స్‌లో సుమారు 8 నిమిషాలు, 16 పెట్టి మిగుల్చుకునేది రెండు మూడు నిమిషాలే, దానికోసం డిస్క్ పాడుచేసుకోవడం ఎందుకు. వెరిఫై టిక్ తప్పకుండా ఉంచండి, రాసింది సరిగ్గా పడిందో లేదో అది చూస్తుంది. లినక్స్ వాళ్లకి కే3బీ ఉంది, అదే పని చేస్తుంది.

ప్లేయర్‌లో మొదట బాగా ఆడి చివరి అరగంటలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతోందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, డిస్క్ లోపలి నుంచి అంచు వైపుకి రాస్తారు, చవక డిస్క్‌లలో అంచు దగ్గర నాణ్యత తక్కువ. స్పీడ్ తగ్గించి రాయండి, డిస్క్ నిండా నింపకుండా విండోస్ లెక్కలో 4.2 జీబీ దగ్గర ఆపెయ్యండి. బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే ఆడియో ఏసీ3 పెట్టారో లేదో చూడండి. బొమ్మ నలుపు తెలుపుల్లో దొర్లుతూ వస్తే పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా, ప్లేయర్ సెట్టింగ్స్‌లో మార్చండి. కారులోనో ఆటోలోనో మాత్రమే ఆగుతోందంటే అది కుదుపుల వల్ల, ఒళ్లో పెట్టుకుంటే తగ్గుతుంది.

మీది డివ్‌ఎక్స్ ఆడే ప్లేయర్ అయితే ఇంకో దారి ఉంది, అవిడెమక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి ఎక్స్‌విడ్, ఆడియోకి ఎంపీ3, పైన ఏవీఐ ఎంచుకుని సేవ్ చెయ్యండి, వెడల్పు 720 దాటకూడదు, క్యూపెల్, జీఎంసీ అనే ఆప్షన్లు ఆపెయ్యండి, వాటిని ప్లేయర్లు భరించలేవు. సెకనుకి 1,000 కిలోబిట్లు పెడితే ఒక డిస్క్‌లో దాదాపు 9 గంటలు పడతాయి, పిల్లల కార్టూన్లకి, పొడుగు ప్రయాణాలకి ఇదే మేలు. దీన్ని విండోస్‌లోనే రాయొచ్చు, కాకపోతే డిస్క్ పెట్టగానే రెండు ఎంపికలు అడుగుతుంది, యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా అన్నది కాకుండా సీడీ/డీవీడీ ప్లేయర్‌తో అన్నది ఎంచుకోవాలి, మొదటిది ఎంచుకుంటే ఆ డిస్క్ ఈ ప్లేయర్లలో తెరుచుకోదు. ఫైళ్ల పేర్లకి ముందు 01, 02 అని అంకెలు పెట్టండి, వరసలో ఆడతాయి. ఇవే ఏవీఐ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో కూడా ఆడతాయి, యూఎస్‌బీ సాకెట్ ఉంటే, పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చెయ్యాలి. కానీ పెద్దవాళ్లకి మాత్రం ఇది వద్దనే నా అభిప్రాయం, ఫైళ్ల లిస్టులోంచి రిమోట్‌తో వెతుక్కోవాలి, డిస్క్ పెట్టి మూత వెయ్యడం అంత సులువు కాదు.

డిస్క్ మీద పేపర్ స్టిక్కర్లు అతికించకండి, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి లాగుతుంది, వేడికి అంచు లేచి ఈ సన్నటి ప్లేయర్లలో ఇరుక్కుంటుంది. మెత్తటి మొన ఉన్న సీడీ మార్కర్‌తో పై వైపు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయండి, "పాప అన్నప్రాసన", "సింహాచలం", ఇలా, మామ్మ కళ్లజోడు లేకుండా చదువుకునేలా. రాసిన డిస్క్‌లోని రంగు పొరకి ఎండ, వేడి, తేమ మూడూ పడవు, మనది సముద్రం గాలి, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో మరీ ఎక్కువ, కాబట్టి గట్టిగా మూసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, కిటికీకి దూరంగా నిలువుగా పెట్టండి. ఐఎస్ఓ ఫైల్‌ని హార్డ్‌డిస్క్‌లోంచి చెరపొద్దు, ఇంకో చోట కూడా ఒక కాపీ ఉంచండి, డిస్క్ గీతలు పడినా, చుట్టాలెవరైనా పట్టుకెళ్లినా కన్వర్షన్ మళ్లీ మొదలుపెట్టకుండా పావుగంటలో ఇంకోటి కొట్టుకోవచ్చు.